రెండో విస్తరి

కరోనా సద్దుమణిగి విమానాలు మళ్లీ నిండుగా తిరగడం మొదలైన ఏడాది, నన్ను శంషాబాద్ విమానాశ్రయంలోని మా పుస్తకాల దుకాణానికి కొనుగోళ్ల మేనేజరుగా వేశారు. ఏ పుస్తకం అరలోకి రావాలో, ఏది తీసెయ్యాలో చెప్పడం నా పని. తీసి పక్కన పెట్టడాన్ని మా వ్యాపారంలో హోల్డ్ అంటారు. కాపీరైటు ఫిర్యాదు వచ్చిందా, పుస్తకం ముందు హోల్డ్‌లోకి పోతుంది, నిజానిజాలు తర్వాత చూస్తారు. ఈ పద్ధతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అలా హోల్డ్‌లో పడింది యాదగిరి వేసిన నవల. అతనిది షాద్‌నగర్ దగ్గర ఊరు. వ్యవసాయం చేసుకుంటూ, పుస్తకాల పిచ్చితో పాత నవలల్ని చవకగా అచ్చువేయాలని దిగాడు. ఇదే మొదటిది. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు నిండితే పుస్తకం అందరి సొత్తు. ఈ నవలకు ఆ గడువు ఎప్పుడో దాటింది. అయినా అదే నవలను గట్టి అట్టతో అమ్ముకుంటున్న ఓ పెద్ద ప్రచురణ సంస్థ, యాదగిరి తమ ప్రతిని దొంగిలించాడని నోటీసిచ్చింది. వాళ్ల ముందుమాటను గానీ, వివరణలను గానీ అతను ముట్టలేదు. ఫిర్యాదు నిలిస్తే అతని పుస్తకాలన్నీ తుక్కులోకి పోతాయి. మళ్లీ అచ్చువేసే శక్తి అతనికి లేదు.

శంషాబాద్ ఊళ్లోని మా గోడౌనుకు యాదగిరినీ, ఆ సంస్థ మనిషినీ పిలిచాను. సంస్థ ప్రతినిధి రెండు పుస్తకాలూ తెరిచి ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. తండ్రి కర్మ అయ్యాక కూతురు ఒంటరిగా మిగిలిన అధ్యాయంలో చివరి వాక్యం: మర్నాడు కూడా ఆమె రెండు విస్తళ్లు వేసింది. మా నాన్న పోయిన ఏడాది ఆ సంస్థ ప్రతిలోనే అది చదివి నేను ఏడ్చాను.

"ఇది మూలంలో లేదండి," అన్నాడు ప్రతినిధి. "మేమే కలిపాం. మా ప్రతి చూసి ఎవరు కాపీ కొట్టినా దొరికిపోతారని."

పాత ముద్రణ జిరాక్సు చూపించాడు. నిజంగానే లేదు. అతని ముఖంలో ఎంత గర్వమో! పోయిన మనిషి నోట్లో తమ మాట కుక్కి, అట్ట మీద మాత్రం యథాతథ ప్రతి అని వేసుకున్నారు. ఇన్నేళ్లూ నేను కన్నీళ్లు పెట్టుకున్నది వాళ్లు పన్నిన ఉచ్చు చూసి.

యాదగిరి మీదా మండిపడ్డాను. ఒక్క గ్రంథాలయానికైనా వెళ్లి పాత ముద్రణ వెతక్కుండా, దుకాణంలో దొరికిందే టైపు చేయించడమేమిటని నిలదీశాను.

"తప్పే సార్, ఎతకాల్సుండె," అన్నాడు. "గని గా ఒక్క మాట కోసమే ఈ పుస్తకం ఎయ్యాలనుకున్న. గది ఆయన రాయలేదంటే ఇగ నేనేం అచ్చేసినట్టు?"

ఆ వాక్యం తమదైతే, అది రచయితది కాదని తమ పుస్తకంలో అచ్చువేయమని ప్రతినిధికి చెప్పాను. రచయితదే అంటే అది అందరిదీ, ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలన్నాను. వాళ్ల పైవాళ్లు రెండూ చెయ్యలేదు. మా పైవాళ్లేమో పెద్ద సంస్థతో తగాదా ఎందుకు, యాదగిరి పుస్తకాలు వాపసు పంపెయ్యమన్నారు. నేను మా న్యాయ విభాగంతో గొడవకు దిగాను. ఆ ఒక్క వాక్యం పోతే మిగతా పుస్తకం మీద ఎవరికీ హక్కు లేదని వాదించాను. చివరికి సణుగుతూ ఒప్పుకున్నారు.

యాదగిరి గోడౌన్‌లో నేలమీద కూర్చుని, ప్రతి కాపీలోనూ తనకిష్టమైన ఆ వాక్యాన్ని నల్ల ఇంకుతో కొట్టేశాడు. విమానాశ్రయంలోకి వెళ్లే సరుకును ఎక్స్‌రే తీయాలి కాబట్టి ఆ పెట్టెలు మళ్లీ వరసలో నిలబడి లోపలికొచ్చాయి.

అరలో రెండు ప్రతులూ పక్కపక్కనే ఉండేవి. కొనేవాళ్లు నల్లగీత చూసి, పాడైన పుస్తకమనుకుని పెద్ద సంస్థదే తీసుకునేవారు. రచయిత రాసింది రాసినట్టు ఉన్నది మాత్రం గీత కొట్టిన ప్రతిలోనే.

గడువు తీరిన పుస్తకం అందరిదీ అని చట్టం చెబుతుంది. అందులో ఏది అసలైనదో చూసే పని ఎవరిదో చెప్పదు. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా, పాత ముద్రణ పక్కన పెట్టి చూపించనిదే, అలాంటి ఏ కొత్త ప్రతికీ ఆర్డరు మీద సంతకం పెట్టలేదు.