రెండు సైకిళ్ల గొలుసు

కొమురయ్య మామ ఫోన్ చేసి పిలవకపోతే నేను గోదావరిఖని వెళ్లేదాన్ని కాదేమో. మామ మా అమ్మకి తమ్ముడు. బాయిలో, అంటే బొగ్గు గనిలో, నీళ్లు తోడే పంపుల దగ్గర ఆయన డ్యూటీ. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ డ్యూటీకి సైకిల్ మీదే పోయాడు, ఇంకో నెలలో రిటైరవుతున్నాడు. "నువ్వు ఫోన్ల సైకిల్ ఫోటోలు మస్తు వెడ్తవట గద బిడ్డా. హన్మకొండ చుట్టు తిరుగుడు గాదు, ఒక్కసారి నాతోని బాయి దాక తొక్కు. నేను దిగిపోయినంక వచ్చి ఏం జూస్తవ్?" అన్నాడు. మోకాళ్లకి మంచిదని డాక్టరు చెప్పాక నలభై దాటిన వయసులో సైకిలెక్కి, అప్పటినుంచి ఊరందరికీ దాని గొప్పలు చెబుతున్న మనిషిని నేను. కాదనడానికి ముఖం చెల్లలేదు.

నాది మడిచి సంచిలో పెట్టుకునే చిన్న సైకిల్. కాజీపేటలో మధ్యాహ్నం రైలెక్కితే రెండు గంటల్లో అటూ ఇటూగా రామగుండంలో దిగొచ్చు. జనరల్ టికెట్ వంద రూపాయలు కూడా కాదు. స్టేషన్ బయట గోదావరిఖనికి షేర్ ఆటోలు కాచుకుని ఉంటాయి, మీరు వెళ్తే బుద్ధిగా ఆటో ఎక్కండి. నేను పౌరుషానికి పోయి తొక్కుకుంటూ బయల్దేరాను. బసంత్‌నగర్ వైపు నుంచి వచ్చే సిమెంటు లారీలు, బొగ్గు టిప్పర్లు, వాటి సందుల్లో దూరే బైకులు. ఒక ఆటో డ్రైవరు పక్కకొచ్చి, "అక్కా, గా సైకిల్‌ను మడిచి నా ఆటోల ఏస్కో. పైసలు గూడ వద్దు. నీ ఎనక బ్రేకులు కొట్టీ కొట్టీ నా కాలు గుంజుతున్నది" అన్నాడు. వెక్కిరింతో జాలో తెలియలేదు. నేను మాత్రం మొండిగా తొక్కి, మామ వాళ్ల క్వార్టర్‌కి చేరేసరికి ముఖమంతా మసి పూసుకున్నాను.

అత్తమ్మ మొక్కజొన్నలు ఉడకబెట్టి చేసిన గుడాలు పెట్టి, తింటుండగా మనసులో మాట బయటపెట్టింది. పోయిన వారమే ఓ కారు అద్దం మామ మోచేతికి తగిలి పోయిందట. "నువ్వన్న జెప్పు బిడ్డా. గీ ఒక్క నెల బస్సుల పోతే ఈయన సొమ్మేం బోయింది? పొద్దుగాల పోయినకాన్నుంచి మల్లొచ్చెదాక నా పానం పానంల ఉండది" అంది. మామ వింటూనే ఉన్నాడు. "గీ ఒక్క నెల గూడ తొక్కనియ్యరా ఏంది? ఆఖరి దినం సైకిల్ మీదనే పోత, సైకిల్ మీదనే వస్త. బాయి మీద దండలేస్తరు గద, గా దండ హ్యాండిల్‌కు గట్టుకొని వస్త" అన్నాడు. అంతకు మించి ఆయన దేన్నీ కోరుతున్నట్టు లేదు. నేను ఇద్దరికీ తలూపి గుడాలు తిన్నాను.

పొద్దున ఆరింటికి బయల్దేరాం. మొదటి షిఫ్టు వాళ్లంతా ఆ వేళకే రోడ్డెక్కుతారు. బాయి అక్కడికి నాలుగైదు కిలోమీటర్లు. మామ సైకిల్ పాతదే అయినా చూడముచ్చటగా ఉంది. క్యారియర్‌కి టిఫిన్ డబ్బా, సీటు కింద చుట్లు చుట్టిన ఇనుప గొలుసు. అంతా బాగానే ఉంది గానీ మామ తొక్కేది రోడ్డు మధ్యలో. వెనక నుంచి హారన్ల మీద హారన్లు. నాకే చిరాకేసి, "జర పక్కకు తొక్కు మామా" అన్నాను. "పక్కకా? పో, పోయి జూడు" అన్నాడు. వెళ్లాను. టిప్పర్ల నుంచి రాలిన బొగ్గుపొడి రోడ్డు అంచున మేట వేసి ఉంది, దుమ్ము లేవకుండా ట్యాంకరుతో దాని మీద నీళ్లు చల్లిపోయారు. సబ్బు మీద కాలేసినట్టు చక్రం జారింది. కాలు ఆనించకపోతే పడేదాన్నే. కారులో కూర్చున్నవాళ్లకి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? ముసలాయన పంతం కొద్దీ దారివ్వడం లేదనుకుంటారు. బైకు మీద ఇద్దరు కుర్రాళ్లు మమ్మల్ని దాటుతూ, "కాకా, రోడ్డు కొనుక్కున్నవా?" అని అరిచారు. మామ నవ్వి గంట కొట్టాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఒకప్పుడు సైరన్ కూసిందంటే ఆ రోడ్డు సైకిళ్లదేనట. షిఫ్టు దిగి సైకిళ్లన్నీ ఒక్కసారిగా బయటికొస్తే లారీవాళ్లు బండి ఆపుకుని బీడీ ముట్టించుకునేవారట. ఇప్పుడు ఆ బాయి మీద మామ సైకిల్ ఒక్కటే మిగిలింది. మూడేళ్ల కిందటి దాకా ఆయనకి తోడుగా మల్లేశం సైకిల్ ఉండేది. ఇద్దరూ ఒకేసారి కొలువులో చేరారు, రోజూ పక్కపక్కనే తొక్కారు. స్టాండ్‌లో ఒక మూలన రెండు సైకిళ్లూ ఆనించి, రెండింటికీ కలిపి ఒకే గొలుసు చుట్టి ఒకే తాళం వేసేవారు. ఒకరోజు షిఫ్టు దిగి వస్తున్న మల్లేశాన్ని ఏదో లారీ గుద్దిపోయింది. అది ఎవరి లారీయో కూడా తెలియలేదు. "గా దినం నేను నాగా వెట్టిన బిడ్డా. చుట్టాలింట్ల పెండ్లుండె. ఇద్దరం ఉంటె లారీ ఓనికి దూరంకెల్లి కనవడేటోళ్లమేమో" అన్నాడు మామ. ఇప్పటికీ ఆయన అదే మూలన పెట్టి, అదే గొలుసుని ఒక్క సైకిల్‌కి రెండు చుట్లు తిప్పుతాడు.

స్టాండ్ అంటే బాయి గేటు బయట ఉన్న రేకుల షెడ్డు. పేరుకే సైకిల్ స్టాండ్, ఉన్నవన్నీ బైకులు. మామ మూలలో ఆ రోజు తెల్లకారు ఒకటి ఆగి ఉంది. దాని ఓనరు రాత్రి షిఫ్టు దిగి, ఎదురుగా ఉన్న హోటల్‌లో టీ తాగుతున్నాడు. పేరు నవీన్. మల్లేశం కొడుకే. తండ్రి పోయాక ఆ కొలువు ఇతనికిచ్చారు.

"బండి దియ్యి నవీన్. నా జాగల వెట్టినవ్" అన్నాడు మామ.

"జాగ మీద నీ పేరున్నదా కాకా? ఒక్క సైకిల్‌కు గంత మూలెందుకు? గోడకు ఆనియ్యరాదు."

"గిది సైకిల్ స్టాండ్ రా. కార్లకు గాదు."

"సైకిళ్లు ఎన్నున్నయో జూపియ్యి మరి."

బెంచీ మీదున్నవాళ్లు నవ్వారు. మామ ముఖం చిన్నబోయింది. అక్కడితో ఆగితే బాగుండేది. నవీన్ గ్లాసు కింద పెట్టి లేచాడు. "రోడ్డు మీద గూడ గంతే నువ్వు. నడిమిట్ల తొక్కుతవ్. మేము నిద్ర కండ్లతోని నడిపేటోళ్లం. ఏదో ఒకనాడు నా కారు కిందనే వడ్తవ్ కాకా. మా నాయినను నా చేతుల మీద మోసుకపోయిన దవాఖానకు. మల్లొక్కసారి నాతోని గాదు."

ఎవరూ నవ్వలేదు. ఈలోపు సైరన్ మోగింది. మస్టర్‌లో హాజరు పడకపోతే ఆ రోజు డ్యూటీ లేనట్టే. మామ సైకిల్ నా చేతికిచ్చి, గేటు లోపలికి వెళ్లిపోయాడు.

నాకు నవీన్ చెంప పగలగొట్టాలనిపించింది. హోటల్ నడిపే పెద్దాయన నా ముందు టీ పెట్టి, "గుస్సా చెయ్యకమ్మా, పిలగాడు మంచోడే" అన్నాడు. నేను కోపం ఆపుకోలేక నవీన్ ముందుకే వెళ్లి గొలుసు సంగతి చెప్పేశాను. ఆ మూల కోసం మామ ఎందుకు పాకులాడుతున్నాడో, అక్కడ ఎవరి సైకిల్ ఉండేదో నీకు తెలుసా అని అడిగాను.

"నాకు తెల్వదా అక్కా?" అన్నాడు. "చిన్నగున్నప్పుడు నాయినకు సద్ది తెచ్చేటోన్ని. గా మూలకు సైకిల్ కనవడ్తే నాయిన లోపట పైలంగున్నడని ధైర్నం. గందుకే జాగ ఖాళీగ కనవడ్తే నా కారు గాడ వెడ్త. అమ్మ నన్ను రెండు చక్రాల బండి ముట్టనియ్యది. లేకుంటె నేను గూడ సైకిలే వెట్టేటోన్ని." తన కారు వైపు చూసి, "కాక గూడ గందుకేనా? నాకెన్నడు చెప్పలే" అన్నాడు.

"నువ్వు చెప్పినవా?" అన్నాను.

అతను జేబులోంచి కారు తాళాలు తీశాడు. వెళ్తూ వెళ్తూ, "ఇగ నేను గాడ వెట్టనక్కా. కాకకు చెప్పు" అని కారు తీసుకుని నిద్రకి పోయాడు. నా అంత తెలివైనది లేదనుకున్నాను. తగువు తీర్చేశాననే హుషారులో మామ సైకిల్‌ని హోటల్‌లో అప్పగించి, నా సైకిల్ తీసుకుని గోదావరి చూడటానికి బయల్దేరాను.

బాయి నుంచి వంతెన దాకా నెమ్మదిగా తొక్కినా గంటలోపే. వంతెన మీద ఆగి చూద్దామంటే ఆగనివ్వరు, వెనక బస్సు కూస్తూనే ఉంటుంది. దిగి, సైకిల్‌ని కటకటాలకి అదిమిపట్టి చూశాను. చలికాలపు గోదావరి ఇసుక మేటల మధ్య తేటగా ఉంది. అవతల శ్రీరాంపూర్ దాకా వెళ్లి, ఓ తోపుడు బండి దగ్గర జొన్నరొట్టె, పప్పు తిన్నాను. డెబ్బై రూపాయలకి కడుపు నిండింది. ఆ కాసేపట్లో నా సైకిల్‌ని ఇద్దరు బైకుల వాళ్లు జరిపి, చివరికి మోరీ పక్కన నిలబెట్టారు. మామూలుగా అయితే జగడమాడేదాన్నే. ఆ రోజు మనసు తేలికగా ఉండి నవ్వుకుని తీసుకున్నాను.

మూడు దాటాక మామ పైకొచ్చాడు. గేటు దగ్గరే ఎదురెళ్లి నవీన్ మాట చెప్పేశాను. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మూల వైపు చూసి, "వద్దు బిడ్డా. ఆనికి చెప్పు, గా జాగల ఆనే వెట్టుకోవాలె. వాళ్లయ్య జాగ ఆనిది గాకుంటె ఎవ్వనిది?" అన్నాడు.

"మరి నీ సైకిల్?"

"రేపటిసంది బస్సుకు వోత. పొల్లగాడు నన్ను గూడ మోస్తనేమోనని బుగులు వెట్టుకొని బండి నడుపుతున్నడు. పొద్దున్నుంచి లోపట గదే మతికొస్తున్నది. గది ఎరికైనంక ఎట్ల తొక్కాలె నేను?"

నేను చెప్పాల్సిందంతా చెప్పాను. నవీన్‌కి ఫోన్ చేయించాను, స్విచాఫ్. రాత్రంతా పనిచేసినవాడు నిద్రపోక ఏం చేస్తాడు? సాయంత్రం నా రైలు ఉంది. మామ సీటు కింద గొలుసు విప్పి నా సంచిలో వేశాడు. "నువ్వు తొక్కుతవ్ గద, తీస్కపో" అన్నాడు. ఇంటికి ఆయన తొక్కలేదు. ఇద్దరం సైకిళ్లు నడిపించుకుంటూ, ఆ నల్లటి బురద అంచునే క్వార్టర్ దాకా నడిచాం. ఒక్కరు కూడా హారన్ కొట్టలేదు. అత్తమ్మ ఒక్కతే సంతోషించింది, ఆమెని తప్పు పట్టలేను.

మామ రిటైరయ్యాక అత్తమ్మ ఫోన్ చేసింది. దండని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని బస్సులో వచ్చాడట. నవీన్ కారు ఇప్పుడు దూరంగా గోడ పక్కన ఆగుతోందట. ఆ మూల కాకది అంటాడు అతను, మల్లేశానిది అంటాడు మామ. వీళ్లిలా ఒకరికొకరు వదిలేసుకుంటుంటే ఖాళీగా కనపడ్డ చోటుని ఎవరు ఊరుకుంటారు? ఎవరివో రెండు బైకులు అక్కడ పాతుకుపోయాయట. రోడ్డు మీద నాకు సైడివ్వని ప్రతివాణ్ణీ ఇన్నాళ్లూ శత్రువులాగే తిట్టుకున్నాను. వెనక కారు నడిపేవాడి గుండెలోనూ, మధ్యలో తొక్కేవాడి గుండెలోనూ ఒకే మనిషి చావు ఉందని ఆ పొద్దున తెలిశాక కూడా నేను చేసింది ఒకరి మాట ఇంకొకరికి మోయడమే. ఆ సాయంత్రం రైలు వదిలేసి, నవీన్ నిద్ర లేచేదాకా ఆగి, ఇద్దర్నీ ఒక బెంచీ మీద కూర్చోబెట్టి ఉంటే ఈ గొలుసు నా దగ్గర కాదు, నవీన్ దగ్గర ఉండేది. అది తలుచుకుంటే బాధేస్తుంది.

అటు సైకిల్‌తో వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క సలహా. పొడుగాటి గొలుసు పట్టుకెళ్లండి. స్టాండ్లన్నీ బైకులతో నిండి ఉంటాయి, మన సైకిల్‌కి దొరికేది ఏ కరెంటు స్తంభమో, ఏ హోటల్ గుంజో. దాని చుట్టూ తిప్పడానికి మామూలు తాళం చాలదు. నాకైతే మామ ఇచ్చింది ఉంది. ఒక్క సైకిల్‌కి రెండు చుట్లు తిప్పినా ఇంకా మిగులుతుంది.