ఎవరి ఛాతీ దాకా?

మా అమ్మాయి తల్లయింది! ఆడపిల్ల! పెళ్లయిన ఇన్నేళ్లకు, రెండుసార్లు కడుపు నిలవకపోయాక, తల్లీబిడ్డా క్షేమంగా ఇల్లు చేరారు. ఎంత చెప్పినా నాకు తనివి తీరడం లేదు. అదే ఉదయం మా పక్కింటి పెద్దన్న చనిపోయాడు. రెండు మాటలూ ఒకే నోటితో ఎలా చెప్పాలో తెలియక కలిపి రాస్తున్నాను, మన్నించండి.

ఆయన నాకు చుట్టం కాదు. బతుకుతెరువుకు వలస వచ్చిన ఈ మిల్లుల ఊళ్లో, డిండోలి పేటలో, మా రెండిళ్లకూ మధ్య ఒక్క గోరింట కంచే అడ్డం. నేను మరమగ్గాల మీద బతికాను. ఆయన పాండేసరలో రంగుల మిల్లు మీద బతికి, అక్కడి దగ్గును ఇంటికి తెచ్చుకున్నాడు.

కంచెల గురించి తగాదాలు ఎక్కువైతే మా సొసైటీవాళ్లు మీటింగు పెట్టారు. ఇళ్ల మధ్య కంచె మనిషి ఛాతీ దాటకూడదని తీర్మానం చేశారు. ఎవరి ఛాతీ అన్నది ఎవరికీ తోచలేదు. మా సెక్రటరీ తాటిచెట్టంత మనిషి. పొట్టివాడైన పెద్దన్న లేచి, తన రొమ్ము మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు.

"గీడిదాక."

"నీ ఛాతీ లెక్కవెడితే మేకపిల్ల గూడ దుంకుతది కాకా," అన్నాడు సెక్రటరీ.

"దుంకనియ్. నా ఛాతీ దాక పెడితే నీకు గూడ అవుతలి మనిషి మొఖం కనవడ్తది. నీ ఛాతీ దాక పెడితే నేను ఆకులతోటి మాట్లాడాల్నా?"

అందరూ నవ్వారు. ఆయన కొలతే ఖాయమైంది. కంచె నిలువెత్తు పెంచి ఆడవాళ్లకు చాటు చేద్దామనుకున్న ఆయన కొడుకు ఒక్కడే ముఖం మాడ్చుకున్నాడు.

పెద్దన్న చిగుళ్లు కత్తిరించినప్పుడల్లా గోరింటాకు మా అమ్మాయికి ఇచ్చేవాడు. రెండోసారి కడుపు పోయినప్పుడు ఊరంతా వచ్చి మొక్కులు చెప్పింది, మందులు చెప్పింది. ఆయన మాత్రం గుప్పెడు ఆకు కంచె మీద పెట్టి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఆ మేలు నేను మరువను.

తర్వాత ఆయన నడుము వంగింది. ఒకరోజు కంచెకు ఆనుకుని నిలబడితే అది గొంతు దాకా వచ్చింది.

"తమ్మీ, కానూన్ తప్పినవ్. కంచె పెరిగింది."

"కంచె పెరగలే పెద్దన్నా, నువ్వే వంగినవ్."

"వంగినోడు మనిషి కాదా? కొయ్యి."

కోశాను. వానాకాలంలో ఆయన మంచం పట్టాడు. మంచం వసారాలో వేయించుకున్నాడు. కొడుకు వచ్చి, "పండుకున్నోని ఛాతీ దాక కొయ్యమంటుండు చిన్నాయినా. నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు," అన్నాడు.

ఎందుకో నాకు తెలుసు. అమ్మాయికి నెలలు నిండాయి. ఆ దగ్గుతో ఆయన పసిబిడ్డ దగ్గరికి రాలేడు. కంచె ఇవతల నుంచి నేను ఎత్తి చూపించాలని మా ఇద్దరి ఒప్పందం. మోకాలి ఎత్తుకు నరికేశాను. మోడులు మిగిలాయి.

పిల్ల పుట్టేసరికే ఆయనకు తెలివి తప్పిందట. కబురు ఆయన చెవిన పడనేలేదు. బిడ్డను ఎత్తుకుని ఆటో దిగేసరికి పక్కింట్లో ఏడుపులు.

మా ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడింది. "పురిటిల్లు. పీనుగ కాడికి పోయి ఆ మైల పసిగుడ్డు మీదికి తెస్తవా?"

ఆమెను తప్పుపట్టలేను. ఎన్నేళ్లకో దక్కిన బిడ్డ. పెద్దన్న పాడెకు భుజం పట్టలేక, నా వాకిట్లోనే, మోడుల దగ్గర నిలబడ్డాను.

పాడెను దారి మధ్యలో దించి, ప్రాణముంటే పలుకుతారేమోనని చెవిలో మూడుసార్లు పిలవడం మన ఆచారం. దింపుడు కల్లం అంటాం. ఆయన కొడుకు వాకిలి దాటగానే, కంచె పక్కనే దించమన్నాడు.

"గిక్కడనా? ఇంక గల్లీ గూడ దాటకపోతిమి," అన్నారు మోసేవాళ్లు.

"దించుండ్రి. చిన్నాయినా, నువ్వు రాలేవు గద. ఆడికెల్లే పిలువు."

మోడుల మీదుగా ఒంగాను. "పెద్దన్నా, ఆడివిల్ల," అన్నాను. "పెద్దన్నా, ఇద్దరు మంచిగున్నరు," అన్నాను. మూడోసారి "పెద్దన్నా" దగ్గరే ఆగిపోయాను. పాడె లేచింది.

ఈ రెండు కబుర్లూ అందాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు. సిరిసిల్లలో మా అన్న, భీవండిలో మా చెల్లెలు, షోలాపూర్‌లో మా బావమరిది, ఇచ్ఛాపూర్‌లో మా అల్లుడి తమ్ముళ్లు. జగిత్యాల దగ్గర పల్లెలో పెద్దన్న అక్క ఉంది. ఆమెకు ఫోన్‌లో మాట వినబడదు. ఇది చదివినవాళ్లు ఎవరైనా వెళ్లి, పక్కన కూర్చుని, చెవి దగ్గర చెప్పండి. ముందు ఆడపిల్ల పుట్టిందని చెప్పండి.