పచ్చ లేని చేతి నీళ్ళు

మునిరత్నమ్మ కాపురానికి వచ్చిన మొదటి రోజే చెంబుతో నీళ్ళు తెచ్చి అత్తకు ఇవ్వబోయింది. కెంపమ్మ చెంబు వంక చూడలేదు, కోడలి ముంజెయ్యి పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఇదేమ్మే, పచ్చబొట్టు ఒకటన్నా ల్యా? బోడి చేతి నీళ్ళు నేను తాగను పో!" అని, తానే లేచి కుండలో ముంచుకుని తాగింది.

అత్తగారి ఊరు మిట్టేమరిలో అదేమంత వింత కాదు. పచ్చ లేని చెయ్యి ఎంత కడిగినా కడగని చెయ్యేనని అక్కడి ముసలమ్మల లెక్క. చచ్చాక మనతో వచ్చే నగ అదొక్కటే, మిగతావన్నీ కోడళ్ళు ఒలుచుకుంటారని కూడా వాళ్ళే చెబుతారు. పదిహేడేళ్ళొచ్చినా మునిరత్నమ్మ చేతులు ఖాళీగా ఉండడానికి కారణం పట్టుపురుగులు. ఆమె పుట్టిల్లు జంగమకోటె. పచ్చ పొడిచే ఆడవాళ్ళు ఆ వీధికి ఎప్పుడొచ్చినా సరిగ్గా అప్పుడే ఇంట్లో పురుగు నాలుగో జ్వరానికి కూర్చునేది. పురుగు పొర విడిచే ఆ రోజుల్లో బయటివాళ్ళను గడప తొక్కనివ్వరు. "ఇంకోసారి రాండమ్మా" అని తండ్రి మునివెంకటప్ప వాకిట్లోంచే పంపేసేవాడు. అలా పిల్ల పచ్చ లేకుండానే పెళ్ళిపీటలెక్కింది.

ఇంకో పిల్లయితే ఒక ఏడుపు ఏడ్చి, వచ్చే సంతలో ఎవరు దొరికితే వాళ్ళ ముందు చెయ్యి చాపేది. ఈ మహాతల్లి అలాంటిది కాదు.

"పొడిపించుకుంటానత్తా. అయితే ఎవురితో అనేది నేనే చూసుకుంటా" అంది.

"చూసుకునేదానికి ఏముండాదే? అదేమన్నా పెండ్లికొడుకా?"

"పెండ్లికొడుకును మా నాయన చూసినాడు. ఇదన్నా నేను చూసుకుంటా."

అరుగు మీద పగ్గం పేనుతున్న పెండ్లికొడుకు మునినారాయణ నవ్వు ఆపుకోలేక గొడ్ల కొట్టంలోకి పోయాడు. కెంపమ్మకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. "చూస్కో, బాగా చూస్కో! అందాకా నా నీళ్ళు నేను ముంచుకుంటా, నా సంగటి నేను కెలుక్కుంటా" అంది. అన్నంత పనీ చేసింది.

ఒకే కప్పు కింద ఉంటూ, తను కెలికిన సంగటి ముద్ద అత్త తినే తట్టలో పడకపోవడం మునిరత్నమ్మకు ఎంత బాధగా ఉండేదో! పొరుగింటివాళ్ళ ముందు అత్త లేచి వెళ్ళి నీళ్ళు ముంచుకుంటుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అయినా తొందరపడలేదు. చీర నచ్చకపోతే పెట్టెలో పెట్టొచ్చు, పచ్చబొట్టును ఏ పెట్టెలో పెడతాం?

ఆమెకు చూపు నేర్పింది పట్టుగూళ్ళు. గూడు పైకి తెల్లగా ఉందని మోసపోవద్దు, లోపల పురుగు బాగుందో లేదో చెవి దగ్గర ఆడించి చూడమని తండ్రి చెప్పేవాడు. పచ్చబొట్టయినా అంతే కదా అనుకుంది. పొడిచిన కొత్తలో ఎవరి పనైనా ముచ్చటగానే ఉంటుంది, ముప్పై ఏళ్ళు పోయాక చూస్తే గదా అసలు సంగతి తెలిసేది! అందుకని ముసలమ్మల మీద పడింది. బావి దగ్గర, కలుపు తీసే చేలో, చింతామణి సంతలో, ఎక్కడ కనిపించినా "అవ్వా, ఏదీ చెయ్యి చూపీ" అనేది. ఎవరు పొడిచిరి, ఎన్ని సూదులు కట్టిరి, మసి ఏ నూనె దీపానిది, చీము పట్టిందా, ముసురు దినాల్లో నవ పుడుతుందా? ఒకటా రెండా, ప్రశ్నలే ప్రశ్నలు.

"నా చెయ్యి ఇంతసేపు మా ఆయప్ప కూడా పట్టుకోలేదమ్మా!" అంది బాగేపల్లి బస్సు కోసం కూర్చున్న సుబ్బలక్ష్మమ్మ అనే ఒక అవ్వ. చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. మునిరత్నమ్మ కూడా నవ్వింది గానీ చెయ్యి మాత్రం వదల్లేదు.

అలా చూసిచూసి చాలా తెలుసుకుంది. ఒకామె సూది మరీ లోతుకు దించుతుంది, ఏళ్ళు గడిచేసరికి గీతలు పాకిపోయి తులసికోట బొమ్మ కాస్తా మసిగుడ్డ అవుతుంది. ఇంకొకామె భయపడి పైపైనే పొడుస్తుంది, పదేళ్ళకు పచ్చ వెలిసిపోతుంది. మరొకామెకు నోరు ఊరుకోదు. ఆమె కబుర్లలో పడి పొడిచిన తేలుకు ముందరి డెక్కలు రెండూ ఒకే పక్కన మొలిచాయి!

ఎన్ని చేతులు చూసినా తన ఇంట్లో ఉన్న చేతికి సాటి వచ్చేది ఒక్కటీ దొరకలేదు. కెంపమ్మ ముంజేతి మీద చుక్కల ముగ్గు, ముప్పై ఏళ్ళు దాటినా ఒక చుక్క పక్క చుక్కను తాకలేదు. ఒకరోజు ధైర్యం చేసి, "ఇది పొడిచినామె యాడుండాది అత్తా?" అని అడిగింది.

"సచ్చిపాయ" అని కెంపమ్మ చెయ్యి మీదికి కొంగు లాక్కుని లోపలికి పోయింది.

ఆర్నెల్లు గడిచాయి. పక్కింటి లక్ష్మీదేవమ్మ మొక్కు తీర్చుకోవడానికి మురుగమల్ల దర్గాకు పోతూ, అక్కడ అంజినమ్మ అనే పచ్చలామె కూర్చుంటుందని చెప్పి మునిరత్నమ్మను కూడా తీసుకుపోయింది. గోనెపట్టా నీడలో అంజినమ్మ, చుట్టూ ఆడవాళ్ళు. మునిరత్నమ్మ దూరంగా నిలబడి పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆమె చేతులే చూసింది. సూదులు మరిగిన నీళ్ళలో ముంచనిదే అంజినమ్మ ఎవరి చెయ్యీ ముట్టుకోవడం లేదు. ఒకమ్మాయిని "సంగటి తిన్యావా? తిని రా పో" అని లేపి పంపింది. చుక్కలు చూస్తే ముత్యాల్లా ఉన్నాయి. దొరికింది, దొరికింది! అనుకుని ఉరుకుతున్నట్టే పోయి ముందు కూర్చుని చెయ్యి చాపింది.

అంజినమ్మ సూదులు తీయలేదు. మణికట్టు మీద వేళ్ళు ఆనించింది. కంటి కింది రెప్ప లాగి చూసింది. "తలకు పోసుకుని ఎన్నాళ్ళాయ?" అని మెల్లగా అడిగింది.

మునిరత్నమ్మ వేళ్ళు ముడుచుకుంటూ లెక్కపెట్టి, ఒక వేలి దగ్గర ఆగిపోయింది. ఊళ్ళో వాళ్ళ చేతులన్నీ లెక్కపెట్టిన మనిషి తన ఒంటి లెక్క మరిచిపోయింది!

"రెండు నెలలు దాటుంటుంది. ఇప్పుడు నీకు సూది పెట్టను. కానుపయినాక బిడ్డను ఎత్తుకుని రా. నీ చనుబాలతోనే మసి నూరి పొడుస్తా."

"అక్కా, ఆర్నెల్లుగా నీ మాదిరి చెయ్యి కోసమే తిరుగుతాండా. మా అత్త నా చేతి నీళ్ళు తాగదు. ఒక్క చుక్కన్నా పెట్టు."

"అర చుక్క కూడా పెట్టను. కావల్లంటే సంతలో నలుగురుండారు, ఏమీ అడక్కుండా పొడుస్తారు. పో తల్లీ."

తిరిగి వస్తూ చింతామణిలో బస్సు మారేటప్పుడు ఆ నలుగురిలో ఇద్దరు కనిపించనే కనిపించారు. ఒకామె "రామ్మా, పచ్చ పొడుస్తా" అని పిలిచింది కూడా. మునిరత్నమ్మ కాళ్ళు ఆగాయి. పావుగంటలో పని అయిపోతుంది, రేపు అత్త తట్టలో తన చేతి ముద్ద పడుతుంది. కానీ ఇన్నాళ్ళూ ఎంతమందిని అడిగినా, "నీకు పొడవనని ఎవురన్నా అనిరా?" అని మాత్రం తను అడగలేదు. ఆ మాట అన్నది అంజినమ్మ ఒక్కతే. అది తోచాక ఇంక అక్కడ నిలబడబుద్ధి కాలేదు. బస్సెక్కేసింది.

ఇంటికొచ్చేసరికి కెంపమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది.

"దొరికిందా?"

"దొరికిందత్తా."

"ఏదీ?"

మునిరత్నమ్మ బోసి చెయ్యి చాపింది. "పొడవననింది. కడుపుతో ఉండానంట." ఇంకో ఏడాది పాటు ఈ అత్త తన చేతి నీళ్ళు ముట్టదని తలుచుకుంటే ఏడుపు ఆగలేదు.

చేట ఆగిపోయింది. కెంపమ్మ తన ముంజేతి ముగ్గు మీద బొటనవేలు రుద్దుకుంటూ అంది: "నాకు పొడిచినామె అడగలా. నేనూ మూణ్ణెల్ల కడుపుతో ఉంటి. పచ్చ పొడిపించుకుంటేగానీ నీ చేతి నీళ్ళు తాగనని మా అత్త అనింది, ఆ దినమే పోయి కూసుంటి. పని మాత్రం చూడు, ఎంత బాగుండాదో! పది దినాలు జరం కాసింది. మీ ఆయప్ప కంటే ముందుది... నిలవలా."

మునిరత్నమ్మ వచ్చి అత్త పక్కనే నేల మీద కూర్చుంది.

"ఇట్ల కూసుంటే ఎట్ల? నోరు ఎండిపోతా ఉండాది. నీళ్ళు తీస్కరా పో."

"నా చేత్తోనా అత్తా?"

"మరి ఎవురి చేత్తో?"

కెంపమ్మ చెంబు దించకుండా తాగేసింది. మూతి తుడుచుకుని, ఇంకో చెంబు తెమ్మంది.