ఆయమ్మ పెట్టిన బిందెలు

మా పెంకుల గల్లీలో నీళ్ళ వరుసలో మనుషులు నిలబడరు. బిందెలు నిలబడతాయి. రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి నల్లా వస్తుంది, ముప్పావు గంట ఉండి పోతుంది. అందుకని ఎవరి బిందెలు వాళ్ళు ముందే తెచ్చి పెట్టి, ఇళ్ళలోకి పోయి పని చూసుకుంటారు. ఎండాకాలంలో ఇంటికి రెండు బిందెలు. ఒక బిందె నిండేదాకా దాని వెనకది ముందుకు జరగకూడదు. బిందె పెట్టిన మనిషి అక్కడ లేకపోతే వెనక వంతువాళ్ళే నింపి పక్కన పెట్టాలి.

ఈ కట్టుబాటు పెట్టింది ఇంద్రకరణ్ పటేలు. ఒకసారి ఎండాకాలంలో ఎవరో ఆయన భార్య ఇందిరమ్మ బిందెను కాలితో పక్కకు నెట్టారు. పెద్ద గొడవైంది. అప్పుడు ఆయనే అందరినీ పిలిచి, "ఇగ బిందెను ఎవ్వలు దాటొద్దు" అని తేల్చాడు. ఆయనకు నిజాంపేటలో పొలాలున్నాయి, ఇక్కడ మెదక్‌లో ఎరువుల దుకాణం ఉంది, కౌన్సిలర్ కావాలన్న కోరిక ఉంది. గల్లీలో మూడు ఇళ్ళు ఆయనవే. మేం కిరాయికి ఉండేది కూడా ఆయన ఇంట్లోనే. ఆయన మాట నడుస్తుంది.

ఆ మాటను తీసుకెళ్ళి ఆయన ముందే పెట్టిన మనిషి మా ఎదురింటి నవోమి. ముప్పై ఏళ్ళు దవాఖానలో ఆయాగా చేసింది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆయమ్మ. అప్పటికి ఆమెకు అరవై రెండేళ్ళు. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. పదో తరగతితో నా చదువు ఆగింది. అప్పట్నుంచీ ఇంట్లో బీడీలు చుడుతూ కిటికీ దగ్గర కూర్చుంటాను కాబట్టి, ఆమె వాకిలి నాకు మా వాకిలి కంటే బాగా తెలుసు.

ఆయమ్మ ఇంట్లో చెత్తబుట్ట లేదు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి కుడితి బకెట్లోకి పోతాయి, ఆ బకెట్ గల్లీ చివర ఎల్లం బర్రెలకు పోతుంది. కూరగాయల తొక్కలు మునగచెట్టు మొదట్లోకి. స్నానం చేసిన నీళ్ళకు చిన్న కాలువ తీసి సొరపాదుకు పారిస్తుంది. పాత చీరలు బొంతలవుతాయి. అరిగిపోయిన సబ్బుముక్కలు పారేయకుండా పాత సాక్సులో వేసి మూతి కడుతుంది. నల్లా కింద ఎప్పుడూ ఆమె ప్లాస్టిక్ టబ్బు ఒకటి ఉండేది. ఒక బిందె తీసి ఇంకో బిందె పెట్టేలోపు కారే నీళ్ళు కూడా నేలపాలు కాకూడదని.

పటేలు కొడుకు ప్రవీణ్ ఆమెను ఊరికే ఆటపట్టించేవాడు.

"ఆయమ్మా, నువ్వు సచ్చినంక సమాధి మీద గూడ సొరపాదు పెట్టుకుంటవా?"

"పెట్టుకుంట. నువ్వొచ్చి కాయలు దొంగతనం చేస్తవ్ గద, సుట్టూ ముండ్లు గూడ పెట్టుకుంట."

కరోనా వచ్చి అన్నీ బందయ్యాక ఎవరూ ఆమెను చూసి నవ్వలేదు. సబ్బుముక్కల సాక్సు తెచ్చి నల్లాకు వేలాడగట్టింది, చెయ్యి కడగనిదే నల్లా ముట్టొద్దని. దాచిన నూలు చీరలు చించి ఇంటికి నాలుగు చొప్పున మాస్కులు కుట్టి పంచింది. "ఉతుక్కొని కట్టుకోండ్రి. గా కాయిదపు మాస్కులు మోరీల పడేస్తే ఎల్లం బర్రెలు తింటయి" అంది. ఆరడుగులకొకటి చొప్పున ముగ్గుతో గుండ్రాలు గీసింది కూడా ఆమే. గుండ్రాల్లో బిందెలు చక్కగా దూరం పాటించాయి. వాటి మనుషులు మాత్రం వేపచెట్టు నీడలో ఒకరి మీద ఒకరు పడి ముచ్చట్లు పెట్టారు.

ఏప్రిల్ చివర్లో ఆయమ్మ పక్కింటి వాహెద్‌కు పాజిటివ్ అని వచ్చింది. బందుకు ముందు పాపన్నపేటకు షేర్ ఆటో నడిపేవాడు. బందయ్యాక కూరగాయలు వేసుకొచ్చి అమ్మేవాడు. ఎక్కడ అంటిందో ఎవరికీ తెలియదు. అంబులెన్స్ వచ్చి పట్నం దవాఖానకు తీసుకుపోయింది. ఇంట్లో అతని భార్య సాబెరా, ఐదేళ్ళ కూతురు ఉమ్మె హాని మిగిలారు. వాళ్ళిద్దరికీ పరీక్షలో ఏమీ లేదు. అయినా పధ్నాలుగు రోజులు గడప దాటొద్దని చెప్పి, తలుపు ముందు అడ్డంగా వెదురు కట్టారు. వచ్చిన మున్సిపాలిటీ సారు, "సామాను మేం పంపిస్తం. మరి నీళ్ళు ఎవరు పెడతారు?" అని అడిగాడు.

"మేం లేమా సార్? గల్లీ మొత్తం ఒక్క ఇల్లు లెక్క" అన్నాడు పటేలు, అందరూ వినేటట్టు.

మర్నాడు నీళ్ళ రోజు. సాబెరా రెండు స్టీలు బిందెలు తోమి గడప బయట పెట్టింది. నల్లా వచ్చింది, పోయింది. అందరూ ఆ బిందెల పక్కనుంచే, ఇంకొంచెం దూరం జరిగి, తమ బిందెలు మోసుకుపోయారు. నేనూ అలాగే పోయాను. మా అమ్మ ముందే చెప్పింది, మనకెందుకని.

అప్పటికే వరుసలో నీళ్ళు పట్టుకున్న ఆయమ్మ, తన రెండు బిందెల్లో ఒకటి తెచ్చి సాబెరా గడప ముందు పెట్టి వెనక్కి జరిగింది. అది రంజాన్ నెల. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు, మునగకాయలు కోసే పొడుగాటి దోటి కొసకు సంచీ తగిలించి, గోడ మీదుగా సొరకాయ కూర, రొట్టెలు అందించింది. దోటికి అవతల ఉమ్మె హాని సంచీ అందుకుని కిలకిలా నవ్వడం నాకు వినిపించింది. కానీ దోటితో కూర పోతుంది, బిందె పోదు. రెండు ఇళ్ళు రెండు బిందెలతో, అదీ మే నెల ముందు, ఎలా గడుస్తాయి?

మా అమ్మ ఉండబట్టలేక కిటికీలోంచి అంది: "ఆయమ్మా, నీ నీళ్ళే జర పంచుకోరాదు? పటేల్ తోని లొల్లి ఎందుకు?"

"నా నీళ్ళు నేనిస్తే గది నా దయ అయితది. సాబెరకు నా దయ ఎందుకే? ఆమె వంతు ఆమెకు లేదా?"

ఆ మరుసటి నీళ్ళ రోజు, గల్లీ లేచేసరికి మొదటి రెండు గుండ్రాల్లో రెండు స్టీలు బిందెలున్నాయి. అంచు మీద చుక్కలు కొట్టి 'వాహెద్' అని రాసిన పేరు దూరానికే కనబడుతోంది. వాటి వెనకే పటేలు ఇంటి బిందెలు. పక్కన, తిరగేసిన బకెట్ మీద ఆయమ్మ.

ఇందిరమ్మ మొదట చూసింది. "ఓయమ్మో! ఇవి ఈడికెవలు తెచ్చిండ్రు?"

"నేనే. సబ్బుతోని రెండుసార్లు కడిగి తెచ్చిన. నువ్వు ఇయ్యాల నీ బిందె కడిగినవా?"

నల్లా వచ్చింది. నీళ్ళు టబ్బులో పడుతున్నాయి. ఎవరూ కదల్లేదు. పటేలు వచ్చాడు.

"ఆయమ్మా, దవాఖానల చేసినదానివి, నీకు చెప్పాల్నా? మా కోడలు రచనకు నెలలు నిండినయి. ఆమెకేమన్న అయితే ఎవలు జవాబు? తియ్ గవి."

ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. ఆయమ్మ కూడా అది విన్నట్టుంది, మాట కొంచెం తగ్గించింది.

"దవాఖానల చేసిన గనుకనే పెట్టిన పటేలా. కడిగిన బిందెతోని నీ కోడలికి ఏం కాదు. గా వేపచెట్టు కింద మాస్కు గదువకు దించుకొని ముచ్చట్లు పెట్టేటోళ్లను ఆపు, ముందుగాల."

"తీస్తవా, తియ్యవా?"

"తియ్య. నువ్వే తియ్యరాదు?"

పటేలు బిందెల వైపు ఒక అడుగు వేసి ఆగాడు. చుట్టూ చూశాడు. ఆయన చూపు పడిన ప్రతి మనిషీ ఒక అడుగు వెనక్కి వేశాడు. ముట్టుకుంటే తప్ప బిందె కదలదు. ముట్టుకునే ధైర్యం ఒక్కరికీ లేదు.

"బిందెను ఎవ్వలు దాటొద్దన్నది నువ్వు" అంది ఆయమ్మ. "మనిషి లేకుంటె ఎనకోళ్లు నింపాలన్నది నువ్వు. ఎనక ఉన్నది నీ బిందెనే. నింపుతవా, నన్ను నింపుమంటవా?"

ప్రవీణ్ ఎక్కడినుంచో ఒక కట్టె పట్టుకొచ్చాడు. "గింత ముచ్చటెందుకు బాపూ, నూకి పడేస్త."

"నూకు బిడ్డా. ఇయ్యాల నువ్వు కట్టెతోని నూకు. రేపు మీ అమ్మ బిందెను మల్ల ఇంకొకడు కాలుతోని నూకుతడు."

ఇందిరమ్మ ముఖం మారింది. "ఆగురా ప్రవీణ్" అంది.

టబ్బు నిండింది. ఆయమ్మ తీరికగా లేచి, టబ్బులోని నీళ్ళు పక్కనున్న ఇంకో బకెట్‌లోకి వంపుకుని, టబ్బు మళ్ళీ నల్లా కింద పెట్టి కూర్చుంది. "తొందరేం లేదు, తేల్చుకోండ్రి. నా సొరపాదుకు మస్తు నీళ్ళయినయి."

వెనక నుంచి ఎవరో పక్కున నవ్వారు. ఎల్లం అనుకుంటాను. అప్పటికి పావుగంట పోయింది. ఇంటికి నీళ్ళు లేకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు.

చివరికి ఇందిరమ్మే అంది: "జల్ది నింపుకొని పో ఆయమ్మా. పొద్దెక్కుతుంది."

పటేలు అటు తిరిగి నిలబడ్డాడు. ఆయమ్మ చేతులు కడుక్కుని, నల్లాకు చిన్న పైపుముక్క తగిలించి, బిందె నల్లాకు తగలకుండా నింపింది. ఒక్కొక్కటే మోసుకెళ్ళి వెదురు ముందు దించి, ఆరడుగులు వెనక్కి జరిగింది. సాబెరా వంగి బిందెలు లోపలికి లాక్కుంది. గడప మీద నీళ్ళు కొంచెం తొణికాయి.

"ఆయమ్మా, నీళ్ళొచ్చినయా?" కిటికీలోంచి ఉమ్మె హాని.

"వచ్చినయి బిడ్డా. నీ నీళ్లే."

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ప్రవీణ్ ఆ పొద్దున ఆయమ్మ బిందెలు మోయడం ఫోన్లో వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అది దవాఖానదాకా పోయి, మర్నాడు అక్కడినుంచి నిస్సి అనే నర్సు వచ్చింది. ఆయమ్మ దగ్గర పని నేర్చుకున్న పిల్లే.

"తప్పు చేసినవని కాదు ఆయమ్మా. నీ వయసుకు ఎందుకైనా మంచిది. పధ్నాలుగు దినాలు ఇంట్లనే ఉండు" అని బతిమాలుతున్నట్టు చెప్పి, ఆమె చేతి మీద ముద్ర వేసింది.

ఆయమ్మ ముద్ర వైపు చూసుకుంది. "బాండు పేపరు మీద ఏసినట్టు ఏసినవ్ కదనే" అంది. ఆ తర్వాత మెల్లగా అడిగింది: "మరి నీళ్ళెట్ల?"

నిస్సి గల్లీ వైపు చూసింది. తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఇప్పుడు రెండు ఇళ్ళు, నాలుగు బిందెలు. పటేలు తన అరుగు మీద కూర్చుని, "ఇగ చూద్దాం, ఈసారి ఎవలు పెడ్తరో" అన్నాడు. మా కిటికీ వైపు చూసే అన్నాడనిపించింది.

ఆ సాయంత్రం ఆయమ్మ తన గడప బయట రెండు బిందెలు పెట్టింది. పక్కన సాబెరా బిందెలు రెండు. నన్ను పిలవలేదు, అడగలేదు. సొరపాదు తీగలు సర్దుకుని లోపలికి పోయింది.

"అటు చూడకు" అంది అమ్మ. "మనం కిరాయికి ఉన్నోళ్లం. పటేల్ పొమ్మంటే గీ బందుల యాడికి పోతం?"

అమ్మ అన్నది నిజమే. కానీ వాటిలో సాబెరా బిందెలను దాటి నేను ఒకసారి నీళ్ళు తెచ్చుకున్నాను. ఆ నీళ్ళు ఆ రోజు తాగాను కూడా.

పొద్దున అమ్మ లేచేలోపు నాలుగు బిందెలూ సబ్బుతో కడిగి తీసుకుపోయి మొదటి నాలుగు గుండ్రాల్లో పెట్టాను. మా బిందెలు చివర్న పెట్టాను. మాస్కు సరిగ్గా కట్టుకుని నిలబడ్డాను. నాకు నలుగురిలో గొంతు లేవదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక సబ్బు సాక్సును పట్టుకున్నాను.

"ఓ, మూగపిల్ల గూడ వచ్చింది!" అన్నాడు ప్రవీణ్. "వాహెద్ నీకేమైతడే?"

పటేలు దగ్గరగా వచ్చి, మళ్ళీ గుర్తొచ్చి దూరం జరిగాడు.

"రిషితా, మీ అమ్మకు చెప్పి వచ్చినవా? ఇల్లెవలిదో యాదికున్నదా?"

కాళ్ళు వెనక్కి పోతామన్నాయి. అయినా మాట బయటికొచ్చింది, అనుకున్నదానికంటే గట్టిగా.

"యాదికున్నది పటేలా. బిందెలెవలివో గూడ యాదికున్నది. వాహెదన్నోళ్లవి రెండు, ఆయమ్మవి రెండు. ఎనక మీవి."

నల్లా బుసబుసమని గాలి వదిలి, నీళ్ళు దూకాయి. నేను పటేలు వైపే చూస్తున్నాను.

"ఓ పిల్లా!" ఎదురు కిటికీలోంచి ఆయమ్మ అరుపు. "పటేల్ తోని మల్ల మాట్లాడుదువు గని, ముందుగాల టబ్బు పెట్టు! నీళ్ళు కింద పోతున్నయి!"

ఇందిరమ్మే నవ్వింది మొదట. నేను టబ్బు జరిపాను. చేతులు కడుక్కున్నాను. పైపుముక్క తగిలించి వాహెద్ పేరున్న బిందె పెట్టాను. అది నిండాక ఎత్తబోతుంటే వెనక నుంచి ఇంకో చెయ్యి వచ్చి అంచు పట్టుకుంది. అమ్మ. నా వైపు చూడలేదు. బిందె చంకకెత్తుకుని సాబెరా గడప వైపు నడిచింది.

వాహెద్ పదిహేడో రోజున తిరిగొచ్చాడు. అప్పటిదాకా ప్రతి నీళ్ళ రోజూ ఆ బిందెలు వరుసలోనే ఉన్నాయి. పటేలు మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమనలేదు. చేయమంటే ఎక్కడికి పోయేవాళ్ళమో నాకు ఇప్పటికీ తెలియదు. అయినా బిందెలు మాత్రం పెట్టి ఉండేదాన్ని.