మండుటెండలో హీటరు

మే నెల, ఆదివారం మధ్యాహ్నం, గుణదలలోని మా అపార్ట్‌మెంటు కింద కారు పార్కింగ్. ఉన్నవారు: నేను, నా భార్య సుశీల, మెకానిక్ బాజీ.

డయాలసిస్ అయ్యాక సుశీల ఎండాకాలమైనా వణికిపోతుంది. మా పాత కారులో ఇంజను వేడిగాలి ఆమె కాళ్ల మీదికి వదిలేవాణ్ణి. ఇంజను తీయించి బ్యాటరీ కారుగా మార్పించాక ఆ వేడి పోయింది. అందుకే కరెంటు హీటరు పెట్టించాను.

బాజీ స్విచ్ వేశాడు. "బాబాయ్ గారూ, ఈ ఎండలో ఎండ వేడేదో హీటరు వేడేదో నాకు తెలిసి చావట్లేదు. పిన్నిగారే చెప్పాలి" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

సుశీల కారెక్కి కూర్చుంది. కాసేపటికి కాలిన వాసన గుప్పుమంది. స్విచ్ కట్టేసి, "దిగు, దిగు!" అని ఆమె చెయ్యి పట్టి లాగాను.

"కంగారు పడకండి. కొత్త హీటరు మొదటిసారి అలాగే వాసనొస్తుంది" అన్నాడు బాజీ.

సుశీల కదల్లేదు. "ఎందుకండీ ఆపేశారు? ఇప్పుడే పాదాలు వెచ్చబడ్డాయి" అంది.

మర్నాడు ఉదయం డయాలసిస్ అయ్యాక, అద్దాలన్నీ మూసి హీటరు వేశాను. ఆమె దారిలోనే నిద్రపోయింది. ఇల్లు చేరేసరికి నా చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది.

"ఏసీ పాడైందా సార్?" అంటూ వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

మెల్లగా మాట్లాడమని సైగ చేసి, హీటరు ఆపకుండా అలాగే కూర్చున్నాను.