పడవెక్కనివాడి వంశం

కెల్డ్‌విక్ రేవులో క్లిఫర్డ్ లెడ్లీ చేతికి చిక్కిన పూర్వీకుడు ప్రాణాలతో బయటపడడం అంత తేలిక కాదని పేరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన బ్రిడ్లింగ్టన్ బస్సు నడిపాడు. రిటైరయ్యాక ప్రతి గురువారం చర్చిలో వెనక బల్ల ముందు కూర్చుని, వంశాలు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు దారి చూపించేవాడు. పెద్ద మార్పేమీ కాదు. బస్సులోనూ దారి తప్పినవాళ్ళే ఆయన్ని పలకరించేవాళ్ళు.

కెనడా నుంచో టాస్మేనియా నుంచో ఒక కుటుంబం వానకోట్లతో లోపలికి వస్తుంది. తడిసిన సంచీలోంచి కాగితం తీస్తుంది.

"మా ముత్తాత జార్జి ఇక్కడే పుట్టాడండీ. ఇదిగో, బాప్తిస్మం నకలు."

క్లిఫర్డ్ కళ్ళద్దాలు సవరించుకుని ఆ కాగితాన్ని, తర్వాత వాళ్ళని చూసేవాడు.

"పుట్టాడు, సరే. చంపి చూశారా?"

కుటుంబం ఒకరి మొహాలొకరు చూసుకునేది. అప్పుడు ఆయన నెమ్మదిగా చెప్పేవాడు. ఆ రోజుల్లో ఊరంతా కలిపి నాలుగు ఇంటిపేర్లు, ఆరు పేర్లు. అన్నదమ్ములంతా పెద్ద కొడుక్కి తాత పేరే పెట్టేవాళ్ళు. ఒక బిడ్డ పోతే ఆ పేరు మళ్ళీ పుట్టినవాడికి పెట్టేవాళ్ళు; పేరు పారేయడం ఎందుకని. రిజిస్టరులో అయిదుగురు జార్జిలుంటే ముగ్గురు రెండో చలికాలం చూసినవాళ్ళు కారు. అందుకని ఎవరినైనా తాత అని పిలిచే ముందు, సమాధుల రిజిస్టరులో ఆయన చిన్నప్పుడే పోయాడేమో చూసుకోవాలి. చంపడానికి శాయశక్తులా ప్రయత్నించాలి. అయినా చావకపోతే, అప్పుడు తాత.

"ఊయలలో పోయిన పిల్లవాడు పెళ్ళి చేసుకుని, ఏడుగురిని కని, హల్ రేవులో తాగి కొట్లాడి జైలుకెళ్ళినట్టు రాసుకున్న వంశవృక్షాలు చూశానండీ," అనేవాడు. ఆ కుటుంబం సమాధుల రిజిస్టరు తిరగేసేది. జార్జి పదమూడు వారాలకే పోయుండేవాడు. ఒకావిడ అక్కడికక్కడే ఏడ్చింది. క్లిఫర్డ్ ఆవిడకి బిస్కెట్ ఇచ్చి, మిగిలిన జార్జిల పేర్లు రాసిచ్చాడు.

ఆయన సొంత వంశంలో ఇలాంటి ఇబ్బంది లేదు. ఆయనది మాథ్యూ లెడ్లీ వంశం. 1864 నవంబరు తుఫానులో, ఒడ్డుకు కొట్టుకొస్తున్న బొగ్గు ఓడలో మనుషుల్ని కాపాడడానికి, మాథ్యూ లైఫ్‌బోటు సరంగుగా అయిదుగురితో వెళ్ళాడు. పడవ మర్నాడు తిరిగొచ్చింది, బోర్లాపడి. అప్పట్నుంచి ఏటా జూలైలో, పడవల్ని దీవించే ఆదివారం నాడు, సరంగు వంశంవాడు పడవలో రేవు నోటి దాకా వెళ్ళి పూలచక్రం నీళ్ళలో వేస్తాడు. ముందు క్లిఫర్డ్ నాన్న వేసేవాడు, తర్వాత క్లిఫర్డ్. ఊరి పారిష్ కౌన్సిల్లో కూర్చోవాలంటే ఓట్లుంటే చాలు. దీనికి రక్తం ఉండాలి. జూన్ వచ్చిందంటే ఆయన పెరట్లో పాత సైకిలు టైరు విసిరి సాధన చేసేవాడు. పక్కింటివాళ్ళు ఏమీ అనేవాళ్ళు కాదు. చక్రం వేసే మనిషి మరి.

మాథ్యూకి విలియం అనే కొడుకు. ఆ విలియం క్లిఫర్డ్‌కి ముత్తాత. ఇందులో చిన్న చిన్న చిక్కులు లేకపోలేదు. 1861 జనాభా లెక్కల్లో మాథ్యూ ఇంట్లో భార్య హానా, ఇద్దరు కూతుళ్ళూ ఉన్నారు గానీ ఆరేళ్ళ విలియం లేడు. లెక్క రాసిన ఆ ఒక్క రాత్రి అమ్మమ్మ ఇంట్లో పడుకుని ఉంటాడని క్లిఫర్డ్ నిర్ణయించాడు. అమ్మమ్మ ఇంటి లెక్కలోనూ లేడు. అయితే సముద్రం మీద ఉండుంటాడు. తర్వాతి లెక్కల్లో, ఓడ సిబ్బంది జాబితాల్లో విలియం వయసు ప్రతిసారీ ఏడాది తక్కువుండేది. చేపలు పట్టేవాళ్ళకి వయసు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పెళ్ళి రిజిస్టరులో తండ్రి పేరు మాథ్యూ అని లేదు, థామస్ లెడ్లీ అని ఉంది. థామస్ మాథ్యూకి పినతండ్రి కొడుకు. పెంచినవాడే తండ్రి కదా, అనుకుని క్లిఫర్డ్ ఆ పెద్దమనసుకు కాస్త చలించాడు కూడా. థామస్‌కీ విలియం అనే కొడుకు ఒకడున్నాడు. వాణ్ణి క్లిఫర్డ్ కెనడాకి పంపించేశాడు.

ఇదే కథ ఏ టాస్మేనియావాడో తెచ్చి బల్లమీద పెట్టుంటే, వాడికి బిస్కెట్ కూడా దక్కేది కాదు.

మొన్న ఫిబ్రవరిలో ఆయన భార్య బ్రెండా వంటింటి బల్ల మీద సమాధుల రిజిస్టరు ఫోటోలు పెట్టుకుని కంప్యూటర్లో ఎక్కిస్తోంది. చర్చివాళ్ళు ఊళ్ళో టైపింగు వచ్చినవాళ్ళందరికీ కొన్ని కొన్ని పేజీలు పంచారు.

"క్లిఫ్, విలియం ఎప్పుడు పుట్టాడన్నావు?"

"ఏ విలియం?"

"మీ విలియమే. మాథ్యూ కొడుకు."

"యాభై అయిదు మార్చిలో. ఎందుకు?"

"ముందా టీ తాగు."

"ఎందుకూ అంటే?"

"తర్వాత తాగవు."

ఆయన తాగలేదు. వచ్చి ఆమె భుజం మీంచి చూశాడు. ఆ కాలపు పాస్టరుకి పసిపిల్లల పేరు పక్కన తండ్రి పేరు రాసే మంచి అలవాటుంది. 1857 జనవరి. విలియం లెడ్లీ, ఏడాది పది నెలలు, మాథ్యూ కొడుకు.

"ఇంకో మాథ్యూ అయ్యుండొచ్చు," అన్నాడు క్లిఫర్డ్.

"ఇంకో మాథ్యూ ఉన్నాడా?"

"లేడు."

"ఉంటే నువ్వే చెప్పేవాడివి," అంది బ్రెండా. "నువ్వు మీ వాణ్ణి చంపి చూశావనుకున్నాను, క్లిఫ్."

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడింది. ఆయన కూర్చున్నాడు. కెనడా వెళ్ళిన విలియం ఒక్క క్షణంలో వెనక్కి వచ్చేశాడు. వయసు సరిపోయింది, తండ్రి పేరు సరిపోయింది, అన్నీ సరిపోయాయి. అంత చక్కగా సరిపోయిన వంశం ఆయన ఎన్నడూ చూడలేదు.

అసలు దెబ్బ అది కాదు. థామస్ ఎవరో ఆయనకి బాగా తెలుసు. లైఫ్‌బోటు చరిత్ర మీద ఆయన ఏటా ఇచ్చే ఉపన్యాసంలో జనం నవ్వే చోటు ఒక్కటే ఉంది, అది థామస్. ఆనాటి విచారణ వార్త చదివేవాడు: "సిబ్బందిలోని థామస్ లెడ్లీ పంటి నొప్పి కారణంగా హాజరు కాలేదు." కాసేపు ఆగేవాడు. "పాపం, పన్ను," అనేవాడు. హాలు హాలంతా నవ్వేది.

"ఇది ఎంతమందికి తెలుసు?" అన్నాడు.

"మనిద్దరికీ. ఆ పాస్టరుకీ. ఆయన పోయాడు."

"మే నెలలో అందరికీ కనబడేట్టు పెడతారు కదా ఇది."

బ్రెండా తెర వంక చూసింది. "ఒక్క వరుసే క్లిఫ్. టైపు చేసేటప్పుడు ఒక వరుస జారిపోవడం ఎవరికైనా జరుగుతుంది. నా కళ్ళు ఎలా ఉన్నాయో నీకు తెలుసు."

నలభై ఏళ్ళ కాపురంలో ఆమె ఇంత పెద్ద మాట ఆయనకోసం అనలేదు. క్లిఫర్డ్ ఆ వరుస వంక చూశాడు. ఏడాది పది నెలలు.

"వద్దు," అన్నాడు. "వాడికి ఆ వరుస తప్ప ఇంకేముంది."

మర్నాడు ఆయన నార్మన్ హ్యాక్స్‌బీ ఇంటికి వెళ్ళాడు. నార్మన్ ఒకప్పుడు ఊళ్ళో మాంసం కొట్టు నడిపేవాడు, ఇప్పుడు లైఫ్‌బోటు కమిటీ అధ్యక్షుడు. అంతా విని తలుపు దగ్గరకి వేశాడు.

"ఎవరికి చెప్పావు?"

"బ్రెండాకి. అంటే, బ్రెండాయే నాకు చెప్పింది."

"సరే, అక్కడితో ఆపెయ్. కార్యక్రమం కాగితాలు కూడా అచ్చయిపోయాయి."

"ఇది ఫిబ్రవరి నార్మన్."

"నిరుడు ఎక్కువ కొట్టించాం. సరంగు మునిమనవడి కొడుకు అని స్పష్టంగా ఉంది. అచ్చయ్యాక మార్చడమేంటి, నీ ముత్తాత నీ ఇష్టమా?"

"అదే నేనూ అంటున్నది. మాథ్యూ మనుషులు ఎక్కడైనా ఉంటే చక్రం వాళ్ళది. వెతుకుతాను."

"నిన్ను దింపే మనిషిని నువ్వే వెతుక్కొస్తావా?"

"ఇంకెవరికి చేతనవును?"

ఇందులో గొప్పేమీ లేదు, నిజమే. నార్మన్ ఒప్పుకున్నాడు, అయితే కాగితాల ఖర్చు గురించి ఒక మాట అన్నాడు.

మాథ్యూ పెద్ద కూతురు పెళ్ళి కాకుండానే పోయింది. చిన్న కూతురు సుసానా లీడ్స్‌లో ఒకరింట్లో పనికి కుదిరి, బండి చక్రాలు చేసేవాణ్ణి పెళ్ళాడింది. క్లిఫర్డ్ మార్చి, ఏప్రిల్ నెలలు సుసానా పిల్లల వెంట నడిచాడు. ఈసారి ప్రతి మనిషినీ పద్ధతిగా చంపి చూశాడు. చావనివాళ్ళు ఆయన్ని మెల్లగా వేక్‌ఫీల్డ్‌కి తీసుకెళ్ళారు. చివరికి ఒక ఫోన్ నంబరు దగ్గర ఆగాడు: శ్రీమతి రోజ్‌మేరీ ఇలింగ్‌వర్త్. రెండు రోజులు ఆ ఫోన్ చుట్టూ తిరిగి, మూడో రోజు చేశాడు.

"అమ్మా, నా పేరు క్లిఫర్డ్ లెడ్లీ. మీ అమ్మమ్మ వాళ్ళ తాత—"

"మాకేం అక్కర్లేదండీ."

"నేనేమీ అమ్మడం లేదమ్మా."

"అందరూ అలాగే మొదలెడతారు."

ఆయన తుఫాను నుంచి మొదలెట్టాడు. ఆవిడ పెట్టెయ్యకుండా వింది. మధ్యలో కుక్కని రెండుసార్లు కోప్పడింది. చక్రం సంగతి వచ్చేసరికి ఆపింది.

"అంటే నన్ను పడవెక్కమంటున్నారా?"

"అది మీ హక్కమ్మా. మీది సరంగు రక్తం."

"రక్తం ఎవరిదైనా కడుపు మా నాన్నది నాయనా. పార్కులో బాతుల చెరువు మీద పడవెక్కితే కక్కుకున్నదాన్ని. పెద్దవాళ్ళ దివసం నాడు అదేం మర్యాద. ఇన్నాళ్ళూ ఎవరు వేస్తున్నారు?"

"నేను."

"మీరేమవుతారు ఆయనకి?"

"నేను వెళ్ళనివాడి తరపమ్మా. ఆ రోజు పడవెక్కనివాడు ఒకడున్నాడు."

"ఎందుకు ఎక్కలేదు?"

"పంటి నొప్పి."

ఉపన్యాసంలో ఇక్కడే జనం నవ్వేవాళ్ళు. ఆయన అలవాటుగా కాసేపు ఆగాడు.

"అయ్యో," అంది ఆవిడ. "అది నరకం. మా ఆయనకి జ్ఞానదంతం వచ్చినప్పుడు గోడకి తల కొట్టుకున్నాడు. పడవెక్కి మాత్రం ఏం చేసేవాడు?"

ఈ ప్రశ్న క్లిఫర్డ్‌కి ఎన్నడూ తట్టలేదు.

"చూడు నాయనా," అంది రోజ్‌మేరీ. మీరు కాస్తా నువ్వు అయిపోయింది. "వెళ్ళినాయన వైపుదాన్ని నేను, ఇక్కడ కుర్చీలో కూర్చున్నాను. వెళ్ళనాయన వైపువాడివి నువ్వు, ఏటేటా వెళ్తున్నావు. నువ్వే కానియ్యి. నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే నా పేరు చెప్పుకుని వెయ్యకు. నువ్వు ఎవరి తాలూకో ఆ పేరే చెప్పి వెయ్యి."

ఫోన్ పెట్టాక క్లిఫర్డ్ లెక్క చూసుకున్నాడు. చక్రం ఆయనదే. కానీ ఊరందరి ముందూ, లౌడ్‌స్పీకర్లో, పన్ను సంగతి చెప్పించాలి. చెప్పించకుండా వేస్తే దొంగ సొమ్ము. ఏ ఊరు ఆ పన్ను చూసి నవ్విందో, ఆ ఊరికి నవ్వడం తనే నేర్పాడు.

కమిటీలో నార్మన్ గట్టిగానే అడ్డం తిరిగాడు.

"పంటి నొప్పి అన్న మాట ప్రార్థనలో ఎక్కడైనా విన్నామా? సందర్భం ఏమిటి, ఈ మాట ఏమిటి? బ్యాండువాళ్ళు నవ్వితే బాకాలు ఊదగలరా?"

పాస్టరమ్మ ఈ ఊరికి వచ్చి రెండేళ్ళే అయింది, నిదానస్తురాలు. "బైబిల్లో యోబు గ్రంథం నిండా కురుపులే కదండీ నార్మన్ గారూ," అంది. "ఒక పన్ను కూడా చేరితే ఏం."

జూలై ఆదివారం సన్నగా తుంపర పడుతోంది. రేవు గోడ మీద జనం గొడుగులతో, పీతల శాండ్‌విచ్‌లతో నిలబడ్డారు. వేక్‌ఫీల్డ్ నుంచి రోజ్‌మేరీ కుక్కతో సహా వచ్చి, బ్రెండా పక్కన మడత కుర్చీ వేయించుకుంది. పడవలో పాస్టరమ్మ, నార్మన్, క్లిఫర్డ్, చుక్కాని దగ్గర ఒక మనిషి. రేవు నోటి దగ్గర ఇంజను ఆపారు. బ్యాండు ఆగింది. పాస్టరమ్మ మైకు తీసుకుని, మునిగిపోయిన ఆరుగురి పేర్లూ చదివింది.

"వారి స్మృతిలో ఈ చక్రం వేస్తున్నది క్లిఫర్డ్ లెడ్లీ. ఆ రోజు పంటి నొప్పితో ఇంట్లో ఉండిపోయిన థామస్ లెడ్లీ వంశంవాడు."

క్లిఫర్డ్ నవ్వు కోసం చెవులు రిక్కించాడు. బస్సులో బ్రేకు వేసే ముందు బిగించినట్టు భుజాలు బిగించాడు. గోడ మీద ఎవరూ నవ్వలేదు. రెండు మూడు గొడుగులు కిందికి దిగాయి. టోపీలు తీయడానికి చెయ్యి ఖాళీ కావాలి కదా. ఏటా తీసేదే, ఈసారి కాస్త ఆలస్యంగా తీశారు. ఎవరో బిడ్డని ఎత్తుకున్నారు.

నార్మన్ కళ్ళు నీళ్ళ మీదే ఉంచి గొంతు తగ్గించాడు. "మా ముత్తాతా ఆ రోజు పడవెక్కకుండా చేపలకు పొగ పెట్టే కొట్లో దాక్కున్నాడట. మా ఇంట్లో ఆ ఊసెత్తితే మా నాన్న భోజనం మధ్యలో లేచిపోయేవాడు."

"తెలుసు," అన్నాడు క్లిఫర్డ్.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"చాలా ఏళ్ళయింది. అదే వార్తలో, కింద పేరాలో ఉంది."

"ఉపన్యాసంలో ఎప్పుడూ చదవలేదే?"

"మీ నాన్న ముందు వరుసలో కూర్చునేవాడు."

చుక్కాని దగ్గరి మనిషి దగ్గాడు. అతనిదీ ఈ ఊరే, అతని ఇంటివాళ్ళూ ఆ రోజు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు.

"అంటే ఊళ్ళో మిగిలింది అంతా మనమేనన్నమాట," అన్నాడు నార్మన్. "ఎక్కనివాళ్ళం."

"ఎక్కినవాళ్ళు వేక్‌ఫీల్డ్‌లో ఒకావిడ. అదిగో, కుక్కతో."

"మంచిది. వెయ్యి మరి, వాన పెరుగుతోంది."

క్లిఫర్డ్ వేశాడు.