ఆఖరి ముక్క తిన్న ఒడెట్

ఒడెట్‌కు ఆమె ఆడపడుచు చేసినదాన్ని వెన్నుపోటు అనడానికి వీల్లేదు. వెన్నుపోటు పొడిచేవాళ్ళు వెనకనుంచి వస్తారు. యూలలీ ఎదురుగా వచ్చి, మెడ చుట్టూ చేతులు వేసి, భోరున ఏడుస్తూ చేసింది.

లూసియానాలో వాళ్ళ ఊరి చెరకు ఫ్యాక్టరీ మూతపడింది. ఒడెట్ మొగుడు అల్సీడ్‌కు పైన ఎక్కడో మిన్నెసోటాలో, చక్కెర దుంపల ఫ్యాక్టరీలో పని దొరికింది. బయల్దేరే ముందు ఆదివారం యూలలీ తన పెరట్లో వీడ్కోలు విందు పెట్టింది. పెద్ద గుండిగలో మంచినీటి రొయ్యలు ఎర్రగా ఉడుకుతున్నాయి. ఎవరో అకార్డియన్ వాయిస్తున్నారు. ఒడెట్ వంటింట్లో అన్నం వారుస్తున్న ఆ కాస్త సేపట్లో యూలలీ బల్ల ఎక్కి నిలబడింది.

"మా మరదలు ఇంక ప్లాస్టిక్ డబ్బాల వ్యాపారం మానేస్తోందమ్మా! మిమ్మల్నందరినీ నా చేతుల్లో పెట్టి పోతోంది" అని కళ్ళు తుడుచుకుంది.

అందరూ ఆమెతో పాటు కళ్ళు తుడుచుకున్నారు. ఒడెట్ ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ తిరిగి, డబ్బా మూత టప్పున వేసి చూపించి, నవ్వించి, కూడగట్టుకున్న ఆడవాళ్ళంతా చేతులకంటిన రొయ్యల కారం కడుక్కోకముందే యూలలీవాళ్ళయిపోయారు. ఒడెట్ అన్నం గిన్నె పట్టుకుని బయటికొచ్చేసరికి అందరూ తనను చూసి ఏడుస్తున్నారు. తన మీద ప్రేమే అనుకుని ఆమె కూడా ఏడ్చింది.

అసలు సంగతి మిన్నెసోటా చేరి, పాత స్నేహితురాలికి ఫోను చేసినప్పుడు తెలిసింది.

"మానేశానని ఎవరు చెప్పారే నీకు?"

"మీ వదినే! నువ్వు అక్కడే ఉన్నావుగా, అన్నం గిన్నె పట్టుకుని?"

వీళ్ళు దిగిన ఊరి పేరు నోర్‌బీ. బల్లపరుపు నేల, దాని మీద మంచు, ఆ మంచు మీద దుంపల కుప్పలు. గాలి అటు తిరిగితే ఊరంతా ఉడికిన మట్టి వాసన. జనం మాత్రం మంచివాళ్ళు. ఎంత మంచివాళ్ళంటే, వాళ్ళకు ఏం కావాలో చచ్చినా నోరు తెరిచి చెప్పరు.

ఒడెట్ ఎర్ర కోటు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, డబ్బాలు చూపించి అమ్మే పార్టీకి పిలిచింది. ఒక్కరూ రామనలేదు. "చూద్దాంలే" అన్నారు. "కోటు భలే రంగులో ఉందే" అన్నారు. చివరికి నలుగురు వచ్చారు. కోట్లు విప్పి ఒళ్ళో పెట్టుకుని, సోఫా అంచున కూర్చున్నారు. ఒడెట్ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పిండి డబ్బా ఒకటి, రొట్టె డబ్బా ఒకటి, చారు గిన్నె ఒకటి, అన్నీ ఒక్కొక్కటి చొప్పున నగల కొట్లో పెట్టినట్టు పెట్టింది. పులుసు పోసిన గిన్నెకు మూత బిగించి తలకిందులు చేసి నెత్తిమీద పెట్టుకుంది. లూసియానాలో అయితే ఈ ఘట్టానికి ఆడవాళ్ళు ఈలలు వేసేవాళ్ళు.

"చెడ్డగా లేదు" అంది పాస్టరు భార్య వెర్నా.

"ఎవరికైనా కావాలా?"

"వద్దులెండి, ఉన్నాయి మాకు."

"పోనీ వచ్చే పార్టీ ఎవరింట్లో పెడదాం?"

"అయ్యో, మా ఇల్లు అంత బాగుండదు."

"సరే అయితే" అని ఒడెట్ నవ్వుతూ అన్నీ సర్దేసింది. వద్దన్నవాళ్ళను పీడించడం ఆమె పెరిగిన చోట మర్యాద కాదు. అక్కడ కావాలంటే కావాలంటారు, వద్దంటే పళ్ళెం తోసేస్తారు. నలుగురూ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఏదో మరిచిపోయినట్టు బల్లకేసి చూశారు. వెళ్ళిపోయారు.

ఆ వారమే యూలలీ ఫోను చేసింది.

"ఏమే పిల్లా, చలికి గడ్డకట్టావా? డబ్బాల కంపెనీవాళ్ళు నన్ను అడుగుతున్నారు నీ గురించి. వసంతంలో జరిగే కంపెనీ సభ లోపల నువ్వక్కడ అమ్మేవాళ్ళతో సొంత జట్టు నిలబెట్టకపోతే నిన్ను నా కింద వేస్తారట. పరాయిదాని కిందా ఏమిటి? ఇంటి ఆడపడుచు కిందేగా! నీ పార్టీలన్నీ నా పేరు మీద పెట్టుకుందువు."

"నీ పేరు మీద పెట్టేకన్నా ఈ డబ్బాల్లో దుంపలు పాతేస్తాను వదినా."

"పాతెయ్, పాతెయ్. అవైనా మొలుస్తాయి."

ఫోను పెట్టేసి ఒడెట్ అల్సీడ్ మీద విరుచుకుపడింది. "ఏమయ్యా, మీ అక్క నోటికి బిగించే మూత ఏదైనా ఉందా మన దగ్గర?"

"ఆ సైజు తయారు చెయ్యరు" అన్నాడు అల్సీడ్, బూట్లకు అంటిన దుంపమట్టి గీక్కుంటూ.

నవ్వింది గానీ యూలలీది ఒట్టి బెదిరింపు కాదని ఒడెట్‌కు తెలుసు. కంపెనీల సంగతి తెలిసిందే. వాళ్ళు అమ్మేది డబ్బాలు కాదు, పక్కింటావిడ మొహమాటాన్ని. ఆ మొహమాటం మీద మేడలు కట్టి, అమ్మిపెట్టిన ఆడదాని మెడలో రిబ్బను వేసి చప్పట్లు కొడతారు. ఒడెట్ ఆ రిబ్బన్లను కుక్కపిల్ల మెడకు కట్టిన మనిషి. కానీ నలుగురు ఆడవాళ్ళను ఒక గదిలో కూర్చోబెట్టి, కడుపు పట్టుకుని నవ్వేదాకా వదలకపోవడమంటే ఆమెకు ప్రాణం. ఆ పని యూలలీ పేరు మీద చెయ్యాలంటే మాత్రం ఆమె వల్ల కాదు.

ఇలా ఉండగా పక్కింటి ఆర్డిస్ కాఫీకి పిలిచింది. ఆర్డిస్ డెబ్బై దాటిన విధవరాలు. నిటారు మనిషి. ఆ రోజు ఆమె ఇంట్లో వెర్నాతో పాటు చర్చి ఆడవాళ్ళు అరడజను మంది ఉన్నారు.

"కాఫీ తాగుతావా?" అంది ఆర్డిస్.

"తాగుతానండీ, పెద్ద కప్పుతో ఇవ్వండి!" అంది ఒడెట్.

గదిలో చెంచాలు ఆగిపోయాయి. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. కాఫీ అయితే వచ్చింది.

మధ్యలో పళ్ళెం, పళ్ళెంలో నిమ్మకేకు ముక్కలు. మాటల్లో అవి ఒక్కొక్కటే అయిపోయి ఆఖరి ముక్క మిగిలింది. అప్పటినుంచి ఒక వింత మొదలైంది. ఒకావిడ ఆ ముక్కను కత్తితో సగం కోసి, సగం తిని సగం వదిలేసింది. ఇంకొకావిడ ఆ సగంలో సగం కోసుకుంది. తర్వాత వెర్నా దాన్ని కూడా రెండు చేసింది. చివరికి పళ్ళెంలో గోరంత కేకు మిగిలింది. అందరూ దానికేసి చూడకుండా చూస్తున్నారు.

ఒడెట్‌కు పాపం ఆ గోరంత ముక్క మీద జాలేసింది. తీసి నోట్లో వేసుకుంది.

గోడగడియారం ఒక్కటే పనిచేస్తోంది.

అప్పుడు ఆర్డిస్ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ముందు దగ్గనుకున్నారు. కాదు, నవ్వు. ఆవిడ బల్ల పట్టుకుని, కళ్ళజోడు తీసేసి, కుర్చీలో అటూ ఇటూ ఊగిపోయింది. "తినేసింది! చూశారా, తినేసింది! పెళ్ళయి ఈ ఊరొచ్చినప్పటినుంచీ నాకు ఆ ముక్క తినాలని ఉందే వెర్నా!"

అందరూ వెళ్ళాక ఆర్డిస్ తలుపు వేసి ఒడెట్‌ను కూర్చోబెట్టింది.

"అమ్మాయ్, నువ్వేం చేశావో తెలుసా?"

"కేకు తిన్నాను."

"ఆఖరిది తిన్నావు. ఈ ఊళ్ళో ఎవరూ తినరు. పైగా కాఫీ మొదటిసారి అడగ్గానే ఒప్పుకున్నావు."

"అడిగారు కదండీ!"

"అడిగితే వద్దనాలి. మళ్ళీ అడుగుతాను. అయ్యో ఎందుకు శ్రమ అనాలి. మూడోసారి అడుగుతాను. అప్పుడు, సరే, ఉన్నదే అయితే కొంచెం, అనాలి."

ఒడెట్ కుర్చీ ముందుకు లాక్కుంది. "మరి... మొన్న మా ఇంట్లో డబ్బాలు వద్దన్నారే?"

"ఎన్నిసార్లు అడిగావు?"

"ఒక్కసారి."

"అయ్యయ్యో! వెర్నా పాపం ఆ చారు గిన్నె కోసం రాత్రంతా నిద్రపోలేదట. చర్చి విందుకు మంచులో గిన్నె మోసుకెళ్ళేటప్పుడు ప్రతిసారీ కారు సీటంతా ఒలకబోస్తుంది. నువ్వేమో సరే అయితే అని సర్దేశావు. అయినా ఒక్కొక్కటే పెడితే ఎవరు తీసుకుంటారమ్మా? ఆఖరిది తీసుకున్నట్టు ఉండదూ?"

ఒడెట్ లేచి ఆ ముసలావిడను రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకుంది. ఆర్డిస్ కొయ్యబారిపోయింది. "దీనికి మాత్రం ముందు అడగాలి" అంది.

నోర్‌బీలో ఎవరూ చాడీలు చెప్పరు. 'నాకెందుకుగానీ' అని మొదలుపెట్టి ఉన్నదున్నట్టు చెబుతారు. రెండో పార్టీ నాటికి ఆఖరి ముక్క తిన్న దక్షిణాదావిడ కథ ఊరి చివరి పొలం దాకా పాకింది. ఆవిణ్ణి చూడ్డానికి ఇల్లు పట్టనంత మంది వచ్చారు. గోడవారన నిలబడ్డారు, మెట్ల మీద కూర్చున్నారు.

ఈసారి ఒడెట్ ఒక్కొక్కటి పెట్టలేదు. అల్సీడ్ చేత కార్ల షెడ్డులో ఉన్న సరుకంతా మోయించి బల్ల మీద గోపురంలా పేర్పించింది. పైన దీపానికి తగులుతోంది. గుమ్మడికాయంత గిన్నె నెత్తిమీద పెట్టుకుని ఒడెట్ గిర్రున తిరిగింది. మోచెయ్యి తగిలింది. గోపురం ఒక్క క్షణం ఆలోచించుకుని కూలిపోయింది.

డబ్బాలు దొర్లాయి, మూతలు చక్రాల్లా పరిగెత్తాయి. ఎప్పుడూ సోఫా అంచు దాటని ఆడవాళ్ళంతా ఒక్కసారిగా లేచి గాల్లో డబ్బాలు పట్టుకున్నారు. వెర్నా వయసు మరిచిపోయి చారు గిన్నె కోసం తివాచీ మీద బోర్లా పడింది. లేచేసరికి గిన్నె గుండెలకు హత్తుకుని ఉంది.

"అది కావాలా వెర్నా గారూ?"

"అబ్బే, వద్దమ్మా."

"నిజంగా వద్దా?"

"ఇంట్లో ఏదో ఒకటి ఉంటుందిలే."

ఒడెట్ వంగి, "అది లేకపోతే మీ కారు సీటు ఏం కాను?" అంది.

"సరే... ఉన్నదే అయితే" అంది వెర్నా, సిగ్గుతో ముఖం కందగడ్డలా చేసుకుని.

గట్టు తెగినట్టయింది. ఒడెట్ గది చుట్టూ తిరుగుతూ అడగడం, వాళ్ళు వద్దనడం, మళ్ళీ అడగడం, వాళ్ళు సిగ్గుపడడం, మూడోసారికి నవ్వుతూ పుచ్చుకోవడం. పార్టీ మా ఇంట్లో వద్దంటే వద్దన్నవాళ్ళే మూడోసారికి ఏ రోజో చెప్పారు. నాతో కలిసి అమ్ముతారా అంటే వెర్నా, "నాకు మాట్లాడ్డం రాదు" అంది, "పాస్టరు గారు ఏమంటారో" అంది, చివరికి "ఆయన్ను నేను చూసుకుంటాలే" అంది. ఒడెట్‌కు ఒళ్ళు తెలియలేదు. ఊపులో ఒక రైతు భార్యను నాలుగోసారి కూడా అడిగేసింది.

"అమ్మాయ్" అంది మెట్ల మీదినుంచి ఆర్డిస్, "నాలుగోసారి అడిగితే అది వేధింపు."

ఆ నవ్వు బయట మంచులో అల్సీడ్‌కు కూడా వినిపించింది.

వసంతం సభ సెయింట్ లూయిస్‌లో ఒక హోటల్లో జరిగింది. ఒడెట్ సొంత జట్టుతో వెళ్ళింది. ఆర్డిస్, వెర్నా, ఇంకా అరడజను మంది ఒకేరకం ఎర్ర కోట్లు వేసుకుని వరసగా నడిచి వచ్చారు. వేదిక మీదకు పిలిస్తే మొదటిసారి కదల్లేదు. రెండోసారీ కదల్లేదు. మైకు పట్టుకున్నతను కంగారుపడి మూడోసారి పిలిచాక లేచారు. ఒడెట్ మెడలో రిబ్బను వేశారు. ఆమె దాన్ని తీసి ఆర్డిస్ చేతిసంచీకి కట్టింది.

కాఫీ బల్ల దగ్గర యూలలీ దొరికింది. మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. ఈసారి నిజంగానే ఏడ్చిందేమో. లూసియానాలో పార్టీలకు ఎవరూ రావడం లేదట. వచ్చినవాళ్ళు, 'ఒడెట్ అయితే గిన్నె నెత్తిన పెట్టుకునేది' అంటున్నారట.

"వచ్చెయ్యవే ఒడెట్. పాతవాళ్ళంతా నిన్నే అడుగుతున్నారు. చెరిసగం చేసుకుందాం."

"వద్దులే వదినా, నాకక్కడే బాగుంది."

"సరే, నీ ఇష్టం" అని యూలలీ కప్పు కింద పెట్టి వెళ్ళబోయింది.

ఒడెట్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. నవ్వు ఆపుకోలేక భుజాలు ఎగురుతున్నాయి. వెనకాల ఎర్ర కోట్లన్నీ చెవులు రిక్కించాయి. వాళ్ళిద్దరూ ఎదురుపడడం అదే ఆఖరిసారి.

"అదేంటి వదినా, ఒక్కసారి అడిగి పోతావా? ఇంకో రెండుసార్లు అడుగు. ఎలాగూ రాను. కానీ మా ఊళ్ళో ఒక్కసారే కాదంటే ఎవరికీ తృప్తిగా ఉండదు."